పది శనివారాలు, ఒకే టపా

"బ్లాగులో మార్జిను ఎటువైపు వదలాలండి?" అని అడిగాడు మొదటి బెంచీలో కూర్చునే రామచంద్రపురం అబ్బాయి.

అప్పటికి ముప్పావు గంట నుంచి గొంతు ఆరిపోయేలా చెబుతున్నాను. ఇంటర్నెట్ అంటే ఏమిటో, బ్లాగు అంటే ఏమిటో, అందులో మనం నేర్చుకున్నది మన మాటల్లో రాసి పెడితే తోటివాళ్ళు చదివి తమ మాట ఎలా చెప్తారో, బోర్డు నిండా డబ్బాలు, బాణాలు గీసి మరీ చెప్పాను. చెప్పి, చేతులు దులుపుకుని, సందేహాలేమైనా ఉన్నాయా అన్నాను. మొదటి సందేహం మార్జిను. రెండో సందేహం, హెడ్డింగు ఎర్ర స్కెచ్చి పెన్నుతో రాయాలా, ఆకుపచ్చతో రాయాలా అని. మూడోసారి ఒక అమ్మాయి లేచి, ఎన్ని పేజీలకి తక్కువ కాకుండా ఉండాలండి అంది. నా ఖర్మ అనుకున్నాను. పైకి అనలేదు గాని మొహంలో కనిపించే ఉంటుంది, నాలుగో చెయ్యి లేవలేదు.

రెండు వేల సంవత్సరం దాటి ఆరేడేళ్ళయిన రోజులవి. నిడదవోలులో ఒక బి.ఇడి. కాలేజీలో నేను విద్యా మనోవిజ్ఞానం చెప్పేదాన్ని. నా తరగతిలో నలభై మంది. అందరూ రేపో మాపో టీచర్లు కావలసినవాళ్ళు. డిగ్రీ అయిపోయినవాళ్ళు, ప్రైవేటు స్కూల్లో రెండేళ్ళు పాఠాలు చెప్పి వచ్చినవాళ్ళు, పెళ్ళయి పిల్లలు పుట్టాక మళ్ళీ పుస్తకం పట్టినవాళ్ళు, అందరూ కలిపి. ఇంతమంది పెద్దవాళ్ళు ఒక్క వాక్యం సొంతంగా రాయమంటే గైడు ఏదండి అని అడిగేవారు. అది నాకు ఒళ్ళు మండే విషయం. బడిలో పిల్లల్ని ఆలోచించమని చెప్పబోయేవాళ్ళు తాము ఆలోచించరేం?

ఆ వేసవి సెలవుల్లో నేను తెలుగు బ్లాగులు చదవడం మొదలుపెట్టాను. వాటిలో రాసే ఒక్కొక్క రాతనీ టపా అనేవారు. ఎవరెవరో, ఎక్కడెక్కడి నుంచో, తమ ఊళ్ళ గురించి, ఉద్యోగాల గురించి, చదివిన పుస్తకాల గురించి హాయిగా రాసుకునేవారు. కింద మిగతావాళ్ళు వ్యాఖ్యలు పెట్టి పోట్లాడుకునేవారు. నాకు మహా ముచ్చటేసింది. నా నలభై మంది చేత కూడా ఇలా రాయించాలని పట్టుబట్టి కూర్చున్నాను. ప్రిన్సిపాల్ గారు ఒప్పుకున్నారు, ఎందుకంటే ఆ ఏడాది కాలేజీకి తనిఖీ బృందం రాబోతోంది. కొత్త పద్ధతుల్లో బోధన అనే కాలమ్‌లో రాయడానికి ఆయనకేదో ఒకటి కావాలి.

నియమం నేనే పెట్టాను. పది వారాలు. వారానికొక టపా. టపాకి రెండు మార్కులు. వెరసి ఇరవై ఇంటర్నల్ మార్కులు. పదికి తక్కువొస్తే ఆ పేపరు తప్పినట్టే, మళ్ళీ ఏడాది చదవాలి. ఇంత శుభ్రమైన లెక్క ఇంకెవరి సబ్జెక్టులోనూ లేదని ఉపాధ్యాయుల గదిలో చెప్పుకుని మురిసిపోయాను కూడా.

ఇక మొదలైంది నా తలనొప్పి.

కాలేజీలో నాలుగు కంప్యూటర్లుండేవి. మూడు పనిచేసేవి కావు. నాలుగోది ప్రిన్సిపాల్ గారి గదిలో ప్లాస్టిక్ ముసుగు కింద ఉండేది. ఆ ముసుగు దుమ్ము పడకుండానో, మా చెయ్యి పడకుండానో నాకు తెలియదు. అందుచేత పిల్లలందరూ స్టేషను రోడ్డులో ఉన్న నెట్ సెంటరుకే వెళ్ళేవారు. అది నడిపే ఆయన్ని ఊరంతా టైపు మాస్టారు అనేది. ఇరవయ్యేళ్ళపాటు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపి, టైపు నేర్చుకునేవాళ్ళు తగ్గిపోయాక ఆ బల్లల మీదే కంప్యూటర్లు పెట్టుకున్నాడు. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు అక్షరాలయ్యే ఉపాయం పిల్లలకు ఓపిగ్గా నేర్పింది ఆయనే. ఆ పుణ్యం కాదనను. కాని ఆయన ఇంకో పని కూడా చేశాడు.

మూడో వారం గడిచాక ఒక సోమవారం పొద్దున్నే నేను క్లాసులోకి వెళ్ళేసరికి నా బల్ల మీద పుస్తకాల గుట్ట ఉంది. ఏమిటివి అన్నాను. బ్లాగు రికార్డులండి అన్నారు ముక్తకంఠంతో. తెరిచి చూద్దును కదా, రాసిన టపాలన్నీ నెట్ సెంటర్లో ప్రింటు తీయించి, నీలం అట్టల ఫైళ్ళలో పెట్టి, చుట్టూ స్కేలుతో గీతలు గీసి, మూలలకి మల్లెపూలు వేసి, ముందు విషయసూచిక అతికించి, ప్రతి పేజీ కిందా "ఉపాధ్యాయుని సంతకం" అని చోటు వదిలి పెట్టారు. ఒకమ్మాయి కంప్యూటర్లో నీలంగా గీత పడిన మాటలన్నిటి మీదా నీలం పెన్నుతో మళ్ళీ గీతలు దిద్దింది. అయ్యో రామా! ప్రపంచమంతా చదవగలిగేలా రాయమంటే, తెచ్చి నా బల్ల మీద సంతకానికి పెట్టారు.

టైపు మాస్టారు దగ్గరికి వెళ్ళి, ఎందుకండీ ఇలా చేయించారు అని నిలదీశాను. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, "ఆయ్, కరెంటు పోతే అవన్నీ ఏమవుతాయండి? కాగితం మీద ఉంటే మీ సంతకం పడతాది. సంతకం పడితేనే కదండీ అది రికార్డయ్యేది" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. మా దగ్గర బి.ఇడి. అంటేనే రికార్డులు. పాఠ పథకం రికార్డు, పరిశీలన రికార్డు, ప్రయోగ రికార్డు. పాఠం ఎలా చెప్పారన్నది ఎవరికీ పట్టదు, రికార్డు ఎంత అందంగా ఉందన్నదే పడుతుంది. ఆ అలవాటుని చంపాలనే కదా నేను ఈ బ్లాగు తలకెత్తుకున్నది. అది నా బ్లాగునే మింగి కూర్చుంది.

ఆ మర్నాడు క్లాసులో శివమెత్తాను. ఇకమీదట ఎవరైనా ఒక్క కాగితం తెస్తే ఊరుకోను, నేను కాగితం ముట్టను, తెర మీద ఉన్నదే చూస్తాను, లెక్క పెట్టేదీ అదే అన్నాను. తెచ్చిన ఫైళ్ళన్నీ అటెండరు చేత స్టాఫ్ రూములో బీరువా పైకి ఎక్కించేశాను. అయినా వాళ్ళు తేవడం మానలేదు. నా ముందు పెట్టడం మానేసి, కొత్త ప్రింట్లు నేరుగా అటెండరుకిచ్చి తమతమ ఫైళ్ళలో పెట్టించేవారు. ఎందుకైనా మంచిదని వాళ్ళ జాగ్రత్త. అది నాకు తర్వాత తెలిసింది.

పోనీ తెర మీద ఏముందీ అంటే, అక్కడా నా ప్రాణం తీశారు. మార్జిను అబ్బాయి ప్రతి శుక్రవారం సాయంత్రం ఐదింటికి కొలిచినట్టు పదిహేను వరుసలు పెట్టేవాడు. పదహారో వరుస ఉండదు, పద్నాలుగుతో ఆగదు. అన్నీ నేను బోర్డు మీద రాసిన పాయింట్లే. ఆఖరికి నేను చేసిన తప్పుతో సహా దింపేవాడు. దానికి పూర్తి విరుద్ధం, కిటికీ పక్కన కూర్చునే ఒక కుర్రాడు. వాడికి బ్లాగు దొరకగానే రెక్కలొచ్చాయి. నలభై పైచిలుకు టపాలు రాశాడు. కొబ్బరిచెట్టు ఎక్కడం మీద రాశాడు, మా కాలేజీ మెట్లు వంకరగా ఉండటం మీద రాశాడు, పాసింజరు బండి ఆలస్యాల మీద రాశాడు, నా చీర కొంగుకి ఎప్పుడూ సుద్దపొడి అంటుకుని ఉంటుందని కూడా రాశాడు. పాఠం మీద మాత్రం ఒక్క ముక్క లేదు. ఇంకొకావిడ ప్రైవేటు స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి వచ్చింది. తను ఒక్క టపా రాయదు. అందరి టపాల కిందా వ్యాఖ్యలు పెడుతుంది. పదికి ఆరు, పదికి నాలుగున్నర, భాష మెరుగుపడాలి అని. నమూనాకని నేను రాసి పెట్టిన టపా కింద కూడా పెట్టింది, పదికి ఏడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. సరిగ్గా ఆ నెలల్లోనే నేను క్లాసులో ఆలోచనా శైలుల పాఠం చెబుతున్నాను. కొందరికి ఎవరైనా దారి గీసి ఇస్తే దాని మీద నడవడం ఇష్టం, కొందరికి దారి తామే వేసుకోవడం ఇష్టం, కొందరికి ఇతరులు వేసిన దారి మంచిచెడ్డలు చూడటం ఇష్టం అని. ఏ పద్ధతి నచ్చుతుందో, ఏది బరువనిపిస్తుందో అది ఆ మనిషి ఆలోచించే తీరును బట్టి ఉంటుందని, మంచి టీచరు ఆ తీరుని కనిపెట్టుకుని నడుచుకోవాలని పచ్చబడిపోయిన నోట్సులోంచి చదివి చెప్పేదాన్ని. చెప్పి, నోట్సు మూసి, స్టాఫ్ రూముకి పోయి, ఈ పిల్లలు చెప్పిన పని చెప్పినట్టు ఎందుకు చెయ్యరో అని తల పట్టుకునేదాన్ని. పాఠం ఒక చెవిలో, పిల్లలు ఇంకో చెవిలో. రెంటికీ మధ్య దారి లేదు.

అందర్లోకీ నన్ను ఎక్కువ విసిగించింది నరసాపురం ఆవిడ.

ఆమె నాకన్నా ఐదారేళ్ళు చిన్న, అంతే. పదేళ్ళ కూతురు ఉంది. వాళ్ళ అమ్మ, అత్తలు అందరూ ఇంట్లో కూర్చుని క్రోషియా సూదితో లేసు అల్లేవాళ్ళే. ఆమె కూడా అల్లుతూనే ప్రైవేటుగా డిగ్రీ కట్టి, ప్రవేశ పరీక్ష రాసి, సీటు తెచ్చుకుంది. వారమంతా నిడదవోలులో అక్కగారింట్లో ఉండి, శనివారం మధ్యాహ్నం కాలేజీ అయ్యాక సాయంత్రం బండికి నరసాపురం వెళ్ళేది. ప్రభుత్వ టీచరు ఉద్యోగాల నోటిఫికేషను వచ్చే ఏడాది మొదట్లోనే పడుతుందని అందరూ అనుకుంటున్నారు. దానికి ఆమెకి వయసు ఆ ఒక్కసారికే సరిపోతుంది. ఈ ఏడు పాసయితే పరీక్ష రాయొచ్చు, తప్పితే ఇక జన్మలో రాయలేదు. చేరిన మొదటి రోజే ఈ సంగతి నాతో చెప్పింది. ఒక్క మార్కు కూడా పోగొట్టుకోనండి అని చెప్పింది.

అలాంటి మనిషి రాసింది ఒక్కటంటే ఒక్కటే టపా.

మొదటి వారం రాసింది. "పాఠం చెప్పడంలో నా మొదటి రోజు" అని దాని పేరు. బ్లాగులు మొదలుకాకముందు బోధనాభ్యాసం సొంత ఊళ్ళో బళ్ళో చేసుకుంటానని అనుమతి తీసుకుంది, అక్కడ ఆరో తరగతిలో జరిగింది. నదులు, వాలు గురించి చెబుతూ, నీళ్ళు ఎటు పారతాయి అని అడిగిందిట. ఎత్తు నుంచి పల్లానికి అని జవాబు రావాలి. ఒక పిల్ల లేచి, సముద్రం పోటొస్తే ఎగువకండి, పోటు తగ్గితే దిగువకండి అందిట. చేపలు పట్టేవాళ్ళ పిల్ల. ఈవిడ తప్పు, కూర్చో అందిట. ఆ పిల్లకి పాఠం అర్థం కాలేదని, ఇంకా బొమ్మలు వాడి చెప్పాలని టపాలో రాసింది. బాగానే ఉంది, రెండు మార్కులు వేసుకున్నాను. రెండో వారం కొత్తది లేదు. మూడో వారం లేదు. నాలుగు, ఐదు లేదు. నేను ప్రతి ఆదివారం చూసే జాబితాలో ఆమె పేరు కింద అదే శీర్షిక, అదే మొదటి వారపు తేదీ. తేదీ మారలేదు కాబట్టి మళ్ళీ తెరిచి చూసే పనే లేకపోయింది.

ఆరో వారం క్లాసయ్యాక ఆపి అడిగాను. మార్కులు పోగొట్టుకోనన్నావు, ఇదేనా అన్నాను.

"రాస్తూనే ఉన్నానండి మేడమ్‌గారూ, ప్రతి శనివారం" అంది.

"ఎక్కడ రాస్తున్నావమ్మా? నాకు ఒక్కటే కనిపిస్తోంది."

"అదేనండి" అంది.

అదేనండీట! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎగతాళిగా ఉందా అన్నాను. కాదండి, అంటూ చేతిసంచీలోంచి కాగితాలు తీయబోయింది. కాగితం ముట్టనని చెప్పానా లేదా అన్నాను. చెప్పారండి అంది. తీసిన కాగితాలు మళ్ళీ సంచీలో పెట్టుకుంది. ఇంకేమీ అనలేదు. మా వైపు వాళ్ళు టీచరు వద్దన్నాక రెండోసారి అడగరు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ, ఆ రోజు ఆ మౌనాన్ని పొగరు కింద జమ కట్టుకున్నాను.

పది వారాలూ అయ్యాయి. నా లెక్క నేను శుభ్రంగా వేసుకున్నాను. మార్జిను అబ్బాయికి ఇరవైకి ఇరవై. కిటికీ కుర్రాడు పాఠం రాయకపోయినా టపాలకి లెక్కుంది కాబట్టి వాడికీ ఇరవై. హెడ్‌మిస్ట్రెస్ ఆవిడ చివరి వారంలో కంగారుపడి ఒక్కరోజునే తొమ్మిది టపాలు దించేసింది, ఆమెకి పద్దెనిమిది. నరసాపురం ఆవిడకి రెండు. ఆ అంకె వేసేటప్పుడు పెన్ను ఒక్క క్షణం ఆగింది. వయసు సంగతి గుర్తొచ్చింది. ఒకరికి సడలిస్తే నలభై మందికీ సడలించాలి అనుకుని వేసేశాను. నియమం అంటే నియమమే అని నాకు నేనే గట్టిగా చెప్పుకున్నాను. జాబితా ప్రిన్సిపాల్ గారికిచ్చాను. గుమస్తా యూనివర్సిటీకి పట్టుకెళ్ళి ఇచ్చి వచ్చాడు.

ఇంకో పదిహేను రోజులకి తనిఖీ బృందం వస్తోందని కబురొచ్చింది. ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి, మీ బ్లాగుల తాలూకు కాగితాలేవండి అన్నారు. కంప్యూటర్లో చూపిద్దామండి అన్నాను. ఆయన నా వంక జాలిగా చూసి, వాళ్ళు వచ్చిన రోజు నెట్టు రాకపోతే ఏం చేస్తారు, కాగితం కావాలి, మీ సంతకం ఉండాలి అన్నారు. టైపు మాస్టారు అన్న మాటే! చేసేదేముంది, అటెండరు చేత బీరువా మీంచి నలభై ఫైళ్ళూ దింపించాను. బూజు దులిపి, ఆదివారం పొద్దుటి నుంచి స్టాఫ్ రూములో ఒక్కదాన్నే కూర్చుని, నేను ముట్టనన్న కాగితాల మీద పేజీ పేజీకీ సంతకాలు పెట్టడం మొదలుపెట్టాను. మల్లెపూల పక్కన సంతకం, స్కేలు గీతల మధ్య సంతకం. తిట్టుకుంటూనే పెడుతున్నాను. ఎవర్ని తిట్టుకుంటున్నానో నాకే తెలియడం లేదు.

నరసాపురం ఆవిడ ఫైలు చేతికొచ్చింది. పువ్వులూ లేవు, గీతలూ లేవు. పది కాగితాలున్నాయి. పదింటి మీదా ఒకటే శీర్షిక. ఒకే టపాని పది ప్రింట్లు తీయించి ఫైలు నింపింది కాబోలు, ఎంత తెలివి అనుకున్నాను. సంతకం పెట్టబోతూ కాగితం అడుగున చూశాను. ప్రింటు తీసినప్పుడు యంత్రం తనంతట తానే వేసే తేదీ ఉంటుంది కదా, చిన్న అక్షరాలతో. పది కాగితాల మీద పది తేదీలు. పదీ శనివారాలు.

పెన్ను కింద పెట్టి చదివాను.

మొదటి దాంట్లో, పిల్లకి అర్థం కాలేదని ఉంది. రెండో దాంట్లో అది కొట్టేసి, నేను సరిగ్గా చెప్పలేదని రాసింది. మూడో దాంట్లో, ఆ పిల్ల ఇల్లు ఎక్కడో కనుక్కుందిట, రేవు పక్కన. నాలుగో శనివారం ఊరెళ్ళినప్పుడు రేవు దగ్గర నిలబడి చూసిందిట. పోటు ఎక్కేటప్పుడు నీళ్ళు నిజంగానే ఎగువకి పోవడం చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను, పుస్తకం పట్టుకోగానే మరిచిపోయాను అని ఐదో దాంట్లో ఉంది. ఆరో దాంట్లో నా ప్రశ్నే తప్పు అని ఉంది. ఏడో దాంట్లో అదీ కొట్టేసింది. అలా, పైన తేదీ మారకుండా తెర మీద ఆ పాత టపానే దిద్దుకుంటూ, ఒక్కో వారం ఒక్కో మాట తీసేస్తూ, ఇంకోటి పెడుతూ, పొడుగ్గా ఉన్నది పొట్టిగా చేస్తూ వచ్చి, పదో కాగితం మీద నాలుగు వరుసలే మిగిలాయి. "నీళ్ళు ఎటు పారతాయి అని అడిగాను. ఆ పిల్ల తను చూసింది చెప్పింది. నేను పుస్తకంలో ఉన్నది వినాలనుకున్నాను. అందుకే తను చెప్పింది నాకు వినపడలేదు."

పదేళ్ళుగా ఆ సబ్జెక్టు చెబుతున్నాను. నా నలభై మందిలో నేర్చుకోవడం అనే పని నిజంగా చేసిన మనిషి ఒకతే ఉంది. ఆమెకి నేను రెండు మార్కులు వేశాను. నా మొహం, నేను ఆ టపా తెరిచి ఒక్కసారి చూసినా సరిపోయేది. ఆ రోజు సంచీలోంచి తీయబోయిన కాగితం అందుకున్నా సరిపోయేది.

అప్పటికప్పుడు ప్రిన్సిపాల్ గారింటికి నడిచి వెళ్ళాను. ఆయన భోజనం చేసి పడక కుర్చీలో వాలి ఉన్నారు. కాగితాలు పరిచి చూపించాను. ఆయన చదివారు, పాపం నిదానంగానే చదివారు. "పంపేసిన జాబితా దిద్దమంటే ఏమనుకుంటారండి? డబ్బు తీసుకుని దిద్దుతున్నామనుకుంటారు. అందులోనూ తనిఖీ ముందర" అన్నారు. తప్పు నాదని నేనే రాసి ఇస్తానన్నాను. మీ సర్వీసుకి మచ్చండి అన్నారు. పడనివ్వండి అన్నాను. ఆయన కాగితాలు మడిచి నా చేతికిచ్చి, సరే రాయండి అన్నారు.

ఆ ఉత్తరం రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. మొదటిసారి రాసినదాంట్లో విద్యార్థిని నియమాన్ని పొరపాటుగా అర్థం చేసుకుంది అని ఉంది. చించేశాను. రెండోసారి, సాంకేతిక కారణాల వల్ల అని రాశాను. అదీ చించేశాను. నాలుగోసారికి గాని, నేను చూడలేదు అనే రెండు ముక్కలు నా కలంలోంచి రాలేదు. పది కాగితాల నకళ్ళు జతచేసి రిజిస్టరు పోస్టులో పంపాను. తర్వాత నేనే రెండుసార్లు యూనివర్సిటీకి వెళ్ళాను. ఒక కిటికీ దగ్గర ఇంకో కిటికీకి పొమ్మన్నారు, ఆ కిటికీ దగ్గర, మార్కులు ఇచ్చింది మీరే కదండీ, ఇప్పుడు కాదంటున్నదీ మీరే, మేం దేన్ని నమ్మాలి అన్నారు. చివరికి ఒక చీటీ వచ్చింది, దిద్దుబాట్లకి గడువు దాటిపోయిందని.

ఫలితాల్లో రాత పరీక్షలన్నిటిలోనూ ఆమెకి మంచి మార్కులొచ్చాయి. నా సబ్జెక్టు ఇంటర్నల్ దగ్గర మాత్రం తప్పినట్టు ఉంది. నోటిఫికేషను అనుకున్నట్టే ఏడాది మొదట్లోనే పడింది. ఆ పరీక్ష రాసి మార్జిను అబ్బాయి తర్వాత ఉద్యోగం తెచ్చుకున్నాడు. స్వీట్లు తెచ్చి ఇచ్చాడు. తీసుకుని బల్ల మీద పెట్టుకున్నాను, తినబుద్ధి కాలేదు. తనిఖీ బృందం వాళ్ళు అంతకు చాలా ముందే వచ్చి ఆ నీలం ఫైళ్ళు తిరగేసి, చాలా కొత్త ప్రయత్నం అని మెచ్చుకుని పోయారు.

ఆ నోటిఫికేషనుకి దరఖాస్తుల గడువు ముగిసిన వారమే, పాసింజరు ఎక్కి నరసాపురం వెళ్ళాను. చెప్పాల్సింది ఉత్తరంలో చెప్పే ధైర్యం లేక కాదు, ఉత్తరంలో చెప్పి తప్పించుకుంటానేమోనని భయమేసి వెళ్ళాను. ఆమె అరుగు మీద కూర్చుని లేసు అల్లుతోంది. నన్ను చూసి గాభరాగా లేచి, చాప దులిపి వేసి, కూతుర్ని కాఫీకి లోపలికి పంపింది. జరిగిందంతా చెప్పాను. ఉత్తరం గురించి, గడువు గురించి. ఆమెకి కొంత ముందే తెలుసు, ఆ కాగితాల నకళ్ళు తీసిన టైపు మాస్టారు చెప్పాడట.

వింటూనే చేతిలో ఉన్న లేసుని వేలితో తడిమి, ఎక్కడో ఒక ముడి దగ్గర ఆగి, అక్కడి దాకా దారం లాగేసి విప్పడం మొదలుపెట్టింది. బెత్తెడు వెడల్పున అల్లినది కళ్ళముందే దారమైపోయింది. ఎందుకమ్మా అంత విప్పుతున్నావు అన్నాను.

"అక్కడ ఒక అల్లిక తప్పిందండి. తప్పింది వదిలేసి పక్కన కొత్తది అల్లుకుంటూ పోతే మొత్తం పాడవుద్దండి" అంది. ఇంకో వరుస విప్పి, "బ్లాగులో కూడా పాతది విప్పేయొచ్చని తెలిసి భలే సంతోషమేసిందండి నాకు" అంది.

నాకు దుఃఖం ఆగలేదు. ఆ దుఃఖం కూడా కోపంగానే బయటికొచ్చింది, నా స్వభావమే అంత.

"ఆ రోజు నేను వద్దన్నా సరే, ఆ కాగితాలు నా మొహాన కొట్టి, చూడండి అని ఒక్క మాట గట్టిగా అనొచ్చు కదమ్మా! ఎందుకు ఊరుకున్నావు?" అన్నాను.

ఆమె దారం వేలికి చుట్టుకుంటూ, ఏ ఎత్తిపొడుపూ లేకుండా, క్లాసులో జవాబు చెప్పినట్టే చెప్పింది.

"మీరు పాఠం చెప్పారు కదండీ మేడమ్‌గారూ, ఒక్కొక్కళ్ళు ఒక్కోలా ఆలోచిస్తారని, టీచరే అది కనిపెట్టుకోవాలని. కనిపెడతారు కదా అని ఊరుకున్నానండి."